నీలం పెన్సిల్ తలుపు

మా బావ పుట్టని బండ్లకి జాతకాలు రాసేవాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని ‘జాతకం గారూ’ అనే పిలిచేవాళ్లు. జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా ఆయన అసలు పేరు కనపడేది కాదు.

పని మాత్రం ఆషామాషీ కాదు. కార్ల కంపెనీలు కొత్త బండిని అమ్మకానికి పెట్టే ముందు ఏడాదో ఏడాదిన్నరో రోడ్ల మీద తిప్పి చూసుకుంటాయి. దాని రూపం ఎవరికీ తెలియకూడదని ఒంటి నిండా నలుపూ తెలుపూ మెలికల స్టిక్కర్లు అంటిస్తాయి. ఎవరో ఒకరు గోడ చాటు నుంచి ఫొటో తీసి మా కార్ల పత్రికకి పంపుతారు. ఆ మెలికల కింద ఏముందో ఊహించి, స్టిక్కర్లు ఒలిచేస్తే బండి ఎలా ఉంటుందో బొమ్మ గీయడం బావ పని. ఆ బొమ్మ కింద నాలుగు ముక్కలు రాయడం నా పని. అందులో మూడు ముక్కలు బావ చెప్పినవే, నాలుగోది ‘కావచ్చు’. దీపాలు సన్నగా ఉండవచ్చు, చార్జింగ్ మూత ముందు చక్రం మీద ఉండవచ్చు, కప్పు వెనక్కి జారుగా ఉండవచ్చు. ఇరవై ఏళ్లు ఆ ‘వచ్చు’తోనే అన్నం తిన్నాను.

బావ ఏ బొమ్మల కాలేజీలోనూ చదవలేదు. కుర్రతనంలో ఒక మెకానిక్ షెడ్డు పక్కన కూర్చుని నంబరు ప్లేట్లు రాసేవాడట. అక్కడికి వచ్చిన ప్రతి బండి చుట్టూ తిరిగి, తలుపు ఎక్కడ వంగింది, అద్దం ఎక్కడ మొదలైంది అని చూడటం అలవాటైపోయింది. ఒకసారి ఆయన గీసిన వెనక దీపం, ఆర్నెల్ల తర్వాత వచ్చిన అసలు బండి దీపం అచ్చుగుద్దినట్టు ఒకటే అయ్యేసరికి, ఆ కంపెనీ పెద్దమనిషి ఒకాయన మా ఆఫీసుకు వచ్చి కూర్చున్నాడు. మా డిజైను మీకు ఎవరు చేరవేశారో చెప్పండి అని. బావ ఆయన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఫొటోలో స్టిక్కరు మీద పడిన చిన్న నీడ చూపించి, ఈ నీడే చెప్పిందండీ అన్నాడు. ఆ పెద్దమనిషి తేలు కుట్టిన దొంగలా లేచి వెళ్లిపోయాడు. ఈ కథని మా అక్క కనీసం వందసార్లు చెప్పి ఉంటుంది, చెప్పిన ప్రతిసారీ ఆ పెద్దమనిషి ఇంకాస్త లావయ్యేవాడు.

బావకి ఒక పద్ధతి ఉండేది. ఫొటోలో కంటికి కనపడేది నల్ల ఇంకుతో గీస్తాడు. కనపడకపోయినా లెక్క ప్రకారం ఉండి తీరాల్సింది మామూలు పెన్సిల్‌తో. ఏ ఆధారమూ లేకుండా, ఇలా ఉంటే బాగుండునని తనకి అనిపించింది నీలం పెన్సిల్‌తో. నీలం ఆయన సరదా కోసం. బొమ్మ అచ్చుకు వెళ్లే ముందు నీలం గీతలన్నీ రబ్బరుతో తుడిచేయాలి. ఎందుకంటే మా ముద్రణలో అన్ని గీతలూ ఒకే నలుపులో పడతాయి. ఏది చూసింది, ఏది కోరుకుంది అని చదివేవాడికి తెలిసే దారి లేదు. ఇరవై ఏళ్లలో ఒక్క నీలం గీత కూడా ఆయన టేబుల్ దాటి వెళ్లలేదు.

ఇక మా అక్క సంగతి. అక్కకి నలభై ఎనిమిదో ఏట ఒక పొద్దున్న కాళ్లు లేవలేదు. వెన్నులో వాపు అన్నారు. రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి, చక్రాల కుర్చీతో ఇంటికొచ్చింది. పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది బావా, అక్కా, పగలు వచ్చి చూసుకునే ఆయా. పక్క వీధిలో నేను. డాక్టరమ్మ మాత్రం ఆశ చంపలేదు. ఊరికి అవతలి కొసన ఉన్న చికిత్స కేంద్రంలో మనిషిని పట్టీలతో నిలబెట్టి నడిపించే యంత్రం ఉంది, వారానికి మూడు రోజులు రావాలి అంది. మొదటి ఏడాది లోపల కాళ్లకి పని చెప్తే ఎంతో కొంత తిరిగి వస్తుంది, కర్ర సాయంతో ఇంట్లో తిరగొచ్చు, ఏడాది దాటితే నేను చెప్పలేను అని ఖచ్చితంగా చెప్పింది. ఆ మాట ముగ్గురం విన్నాం.

వెళ్లడం ఎలా అన్నదే చిక్కు. ఇంటికొచ్చిన మొదటి వారంలోనే బావ అక్కని మంచం మీంచి ఎత్తుకుని స్నానాల గదికి తీసుకెళ్తూ, తడి నేల మీద కాలు జారి పడేశాడు. భుజం వాష్ బేసిన్‌కి తగిలి నల్లగా కమిలింది, అంతకు మించి ఏం కాలేదు. అక్క నవ్వేసింది కూడా. కానీ ఆ రోజు నుంచి బావ ఆమెని ఎత్తలేదు. అందుకని చికిత్స కేంద్రానికి వెళ్లడానికి ఇద్దరు మనుషుల్ని మాట్లాడాడు. ఇంట్లోంచి కారులోకి, కారులోంచి కేంద్రంలోకి ఎత్తి దించడం వాళ్ల పని. మంచివాళ్లే. పని చేతనైనవాళ్లు కూడా. అయితే మూడోసారి వెళ్లినప్పుడు వాళ్లలో ఒకడు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో మంచం రిపేరు గురించి మాట్లాడుతూనే అక్కని ఎత్తాడు. కారు తలుపు దగ్గర కాస్త ఒరిగేసరికి ఆమె మీద కప్పిన దుప్పటి జారి వీధిలో పడింది. ఎదురుగా బడ్డీ దగ్గర నిలబడ్డవాళ్లు చూశారు. కొందరు పాపం అన్నట్టు మొహం తిప్పుకున్నారు, అది ఇంకా హీనం.

ఇంటికొచ్చాక అక్క ఒకే మాట అంది. “ఇంక నేను వెళ్లను. సామాన్లు ఎక్కించినట్టు ఎక్కిస్తున్నారు.”

ఎంత బతిమాలినా వినలేదు. నేను కోపంతో అరిచాను కూడా, నాకు నోటి దురుసు ఎక్కువ. ఆమె గోడవైపు చూస్తూ ఉండిపోయింది. ఆ కేంద్రం వాళ్లకి కుర్చీతో సహా ఎక్కించే వ్యాను ఒకటుంది గానీ అది మా వైపు వచ్చేది కాదు. ఇంటికొచ్చి చేయించే మనిషిని పెట్టాం, అతను మంచం మీద కాళ్లు ఆడించి వెళ్లేవాడు. నిలబెట్టే యంత్రాన్ని ఇంటికి తేలేం కదా.

మూడో రోజు బావ కొలతల టేపు పట్టుకుని బయల్దేరాడు. చక్రాల కుర్చీ ఎత్తెంత, అద్దె కారు సీటు ఎత్తెంత, తలుపు ఎంత తెరుచుకుంటుంది, మోకాలు ఎక్కడ తగులుతోంది, అన్నీ కొలిచి రాసుకున్నాడు. ఆయన బుర్రకి తెలిసిన దారి అదొక్కటే. అక్క సామాన్లు అంటే, ఆయనకి తలుపు ఇరుకు అని వినపడింది.

సరిగ్గా అప్పుడే ఒక పెద్ద కంపెనీ తయారుచేస్తున్న కొత్త ఎలక్ట్రిక్ కారు ఫొటోలు మా ఆఫీసుకు వచ్చాయి. ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటున్న రోజులు. పది నెలల్లో విడుదల. మెలికల స్టిక్కర్ల కింద పొట్టి ముక్కు, పొడుగు నడుము. మిగతాదంతా బావ చేతిలో ఉంది.

వారం తర్వాత బొమ్మ నా టేబుల్ మీదకి వచ్చింది. వెనక తలుపు మొత్తం నీలం. మామూలుగా బయటికి తెరుచుకునే తలుపు కాదు, పక్కకి జరిగే తలుపు. దాని వెనక వీధి వైపు తిరిగే సీటు, నేలకి జానెడు ఎత్తులో లోపలి ఫ్లోరు. కుర్చీ పక్కన పెట్టుకుని, మధ్యలో ఒక పలక వేసుకుంటే, ఎవరి చెయ్యీ పడకుండా మనిషి తనంతట తాను జరిగి లోపల కూర్చోవచ్చు. అంతా నీలమే.

తుడవడం మర్చిపోయావు బావా అన్నాను. “మర్చిపోలేదురా. ఈ ఒక్కసారికి ఉండనీ. మీ అక్కకి చూపిద్దాం” అన్నాడు. ఆధారం ఏమిటని అడిగితే ఫొటోలో వెనక చక్రం పైన ఉన్న ఒక అడ్డగీత చూపించాడు. తలుపు జరిగే పట్టా కావచ్చు అన్నాడు. స్టిక్కరు ముడత పడితే అలాగే ఉంటుందని నాకు తెలుసు, ఆయనకి నాకంటే బాగా తెలుసు. ఫ్లోరు సంగతి ఇంకా అన్యాయం. ఎలక్ట్రిక్ బండికి బ్యాటరీ పరుపులాగా కింద పరుచుకుని ఉంటుంది, అందువల్ల ఫ్లోరు నాలుగు వేళ్లు పైకి లేస్తుంది గానీ కిందకి దిగదు అని అంతకు ముందు నెల పత్రికలో రాసింది ఆయనే.

నేను నోరు మూసుకున్నాను. ఒక నెల అక్క మొహంలో కళ వస్తే చాలనుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. బొమ్మ కింద ‘వెనక తలుపు పక్కకి జరుగుతుంది, సీటు వీధి వైపు తిరుగుతుంది’ అని రాశాను. జరగవచ్చు, తిరగవచ్చు అని రాయలేదు. అక్క చదువుతుందని తెలిసి, చేతులారా ఆ ‘వచ్చు’ తీసేశాను. బావ ఏం గీసినా, దాన్ని నిజం చేసింది నేను.

పత్రిక వచ్చిన రోజు అక్క ఆ పేజీని చాలాసేపు చూసింది. నీలం గీతల సంగతి ఆమెకి తెలుసు, కానీ నీలం పత్రిక దాకా రాదని కూడా తెలుసు. అచ్చులో పడిందంటే అది బావ చూసిందో, లెక్క కట్టిందో అయి ఉండాలి. నంబరు ప్లేట్ల రోజుల నుంచీ ఆ మనిషి చూపు మీద ఆమెకి అంత నమ్మకం. ఇది ఎప్పుడొస్తుంది అని అడిగింది. పది నెలలు అన్నాడు బావ.

“అయితే అందులో వెళ్తాను” అంది.

బావ మొహం చూడాలి అప్పుడు. వెళ్లను అన్న మనిషి వెళ్తాను అంది, అదే ఆయనకి ఏనుగెక్కినంత సంబరం. ఏడాది గడువులో మూడు నెలలు అప్పటికే అయిపోయాయి. పది కలిపితే పదమూడు. ఒక నెల అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అని మేమిద్దరం ఒకరికొకరం సర్దిచెప్పుకున్నాం. లోకంలో అందరి గీతలూ తప్పుపట్టే మనుషులం.

ఆ తర్వాత ప్రతి నెలా ఒక కొత్త బొమ్మ. ఆ కారు గురించి ఎడిటరు గారు ఎంత ఇస్తే అంత వేసేవారు, పాఠకులు ఎగబడి చదివేవాళ్లు. లోపలి పిడి ఎక్కడుండాలి, కాలు పెట్టే పలక ఎంత వెడల్పు, అద్దం ఎంత కిందకి దిగాలి. బావ ఇంట్లోనే గీసేవాడు, అక్క మంచం పక్కన పీట మీద కాగితం పెట్టుకుని, నీలం ముట్టకుండా మామూలు పెన్సిల్‌తోనే. పిడి అంత పైన పెడితే నా చెయ్యి అందదండీ, ఇంకాస్త కిందకి దించండి అనేది అక్క. దించేవాడు. డిజైనర్లు నా మాట వింటున్నారే అని ఆమె ఎగతాళి. మరేమనుకున్నావు, ఫోను చేసి మరీ అడుగుతున్నారు అని ఈయన. కారు రంగు దగ్గర ఇద్దరికీ రెండు రోజులు మాటల్లేవు. నేను వెళ్లేసరికి ఇద్దరూ ఒకరి మీద ఒకరు నాకు చాడీలు చెప్పేవాళ్లు.

ఆ ఇంట్లో నేను చూసిన మంచి రోజులు అవే. అందుకే ఆ పది నెలల్ని నేను క్షమించలేను. మంచం మీద దుప్పటి కింద అక్క కాళ్లు రోజురోజుకీ కర్రలైపోతుంటే, మేం ముగ్గురం పైన కూర్చుని లేని కారుకి పిడులు బిగిస్తూ నవ్వుకున్నాం.

విడుదల ఒక పెద్ద హాల్లో పెట్టారు, పట్టపగలు. పత్రికల వాళ్లందరినీ పిలిచారు. నేనూ బావా వెళ్లాం, ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు. బయల్దేరేటప్పుడు అక్క, తలుపు తెరవగానే నాకు ఫోను చెయ్యండి అంది. తెర లాగారు, చప్పట్లు కొట్టారు. కారు బాగుంది, అబద్ధమెందుకు. నాలుగు తలుపులు, అన్ని కార్లకీ ఉన్నట్టే, బయటికి తెరుచుకునేవి. అడ్డగీత అన్నచోట నున్నటి రేకు తప్ప ఏమీ లేదు.

బావ జనాన్ని తోసుకుంటూ వెళ్లి వెనక తలుపు తెరిచాడు. జేబులోంచి టేపు తీసి, ఆ నున్నటి నేల మీద గొంతుక్కూర్చుని, గడప ఎత్తు కొలిచాడు. ఒకసారి కొలిచి మళ్లీ కొలిచాడు. అక్కడ నిలబడ్డ కంపెనీ అమ్మాయి ఏమైనా వివరాలు కావాలా సార్ అని మర్యాదగా అడిగింది. ఆయన ఆమెకి టేపు చూపించాడు. రెండు జానలకి పైనే ఉంది. అద్దె కారు కంటే ఎక్కువ.

ఇంతలో ఆయన ఫోను మోగింది. తీసి చూసి, నా చేతిలో పెట్టి, “నువ్వు చెప్పరా” అన్నాడు.

తలుపు మామూలుదే అక్కా అని చెప్పాను. మరి సీటు, అని అడిగింది. అదీ మామూలుదే అన్నాను. సరే అంది. మీ బావ ఏమైనా తిన్నాడా అని అడిగింది.

ఆ వారమే చికిత్స కేంద్రానికి బయల్దేరాం. వెళ్దామని అక్కే అంది. పాత అద్దె కారే, పాత మనుషులిద్దరే, ఎత్తి కూర్చోబెట్టారు, ఎత్తి దించారు. ఆమె దారి పొడవునా కళ్లు మూసుకుని ఉంది. డాక్టరమ్మ మోకాళ్లు వంచి చూసింది, మడమలు పట్టుకుని చూసింది, తొడ చుట్టూ టేపు వేసి కొలిచి పాత కాగితం తీసి పోల్చుకుంది. కండ కరిగిపోయింది, కీళ్లు బిగుసుకుపోయాయి, ఇప్పుడు యంత్రంలో నిలబెడితే ఎముక విరుగుతుంది అంది. ఇంక నడక మాట వదిలేసి, కుర్చీలో బాగా బతకడం నేర్చుకోమంది. ఆవిడ కఠినంగా చెప్పలేదు. చివర్లో మాత్రం, “ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?” అని అడిగింది.

ఏం చెప్తాం. కారు కోసం ఆగామని చెప్తామా. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్కే, ఇంట్లో వీలు కాలేదండీ అని సర్దింది.

తిరిగి వచ్చి ఇంటి ముందు కారు ఆగింది. నేను దిగి చక్రాల కుర్చీ విప్పుతున్నాను. ఆ ఇద్దరూ అలవాటుగా వెనక తలుపు తెరిచి చేతులు చాపారు. అక్క ఒక్క నిమిషం ఆగండి అంది. బావ అవతల నిలబడి ఉన్నాడు.

“మీరు నన్ను ఒక్కసారైనా కారులోకి ఎందుకు ఎత్తలేదు?” అని అడిగింది ఆయన్ని.

బావకి అర్థం కాలేదు. “తలుపు ఇరుకని కదే, అందుకే గదా నేను...”

“తలుపు నాకెందుకండీ? నేను వద్దన్నది తలుపుని కాదు, వీళ్లిద్దర్నీ. మీరు ఎత్తి ఉంటే మొదటి రోజు నుంచీ వచ్చేదాన్ని. కాళ్లు పడిపోయిన పెళ్లాన్ని ముట్టుకోవడం మీకు ఎబ్బెట్టుగా ఉందేమో అనుకున్నాను. నోరు తెరిచి అడగడానికి సిగ్గేసింది. అంత కష్టపడి తలుపు గీస్తున్నారు గదా, అందులోనే వెళ్దాంలే అనుకున్నాను.”

“నిన్ను పడేశాను గదే” అన్నాడు బావ. “మళ్లీ పడేస్తానేమోనని భయం.”

“ఆ ఒక్కసారికేనా?” అంది అక్క.

అంతకాలం ఇద్దరూ ఒకే గదిలో, ఒకే కాగితం మీదకి వంగి, పిడి పైనా కిందా అని పోట్లాడుకున్నారు. ఈ ఒక్క మాట మాత్రం ఆమె అడగలేదు, ఈయన చెప్పలేదు. నేను పక్కనే ఉండి, నాకు తెలిసిన ఒక్క నిజమూ దాచిపెట్టాను. నీలం అని ఆ రోజే చెప్పి ఉంటే, అయితే మీరే ఎత్తండి అని ఆ రోజే అడిగేదేమో.

బావ ఇటు వచ్చి ఆ ఇద్దరినీ పక్కకి జరగమన్నాడు. చెప్పులు విడిచాడు. ఒక చెయ్యి ఆమె వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ల కింద పోనిచ్చి, కాళ్లు నేలకి తన్నిపట్టి, ఊపిరి బిగబట్టాడు. పోయినేడాది మనిషి బరువుకి సిద్ధపడి, ఒళ్లంతా బలం చేసుకుని ఒక్కసారిగా లేపాడు. లేపిన ఊపుకి తనే వెనక్కి తూలి తెరిచిన తలుపుకి ఆనుకున్నాడు. అక్క ఆయన మెడ గట్టిగా పట్టుకుంది.

పడలేదు. అలాగే నిలబడి, చేతుల్లో ఉన్న మనిషిని చూసుకున్నాడు, తర్వాత నా వైపు తిరిగాడు.

“మీ అక్క బరువే లేదురా” అన్నాడు.